లైన్ క్లియర్

పుష్యమాసం పొద్దు.
ఉదయసముద్రం మీద మంచు ఇంకా లేవలే.
కట్ట దిగి శిఖం భూముల్లకు పోయే పదకొండు కేవీ లైను,
పద్నాలుగో పోలు కాడ బండి ఆపిన
చేతులు సంకల్ల పెట్టుకొని.

పోలు మీద ఏదో కూసున్నది.

గరుడ పక్షి అనుకొని చెంపలేసుకోబోయిన.
కాదు.
తలకాయ తెల్లగ, కంటి మీదికెళ్ళి మెడ దాకా
కాటుక జారినట్టు నల్లటి గీత.
తడిసిన రెక్కలు ఒక్కసారి ఇదిలిస్తే
నీళ్ళు నా హెల్మెట్ మీద పడ్డయి.
కాళ్ళ కింద చేప. బతికే ఉన్నది.
బొచ్చె పిల్ల, జానకు ఎక్కువ, మూరకు తక్కువ.

పన్నెండేండ్ల నౌకరిల
పోళ్ళ కాడ నేను దగ్గరికెళ్ళి చూసిన పక్షులన్నీ
కిందపడ్డవే.
కాకులు, పాలపిట్ట, ఒకసారి గుడ్లగూబల జంట.
కర్రతోటి పక్కకు జరిపి, ఫ్యూజు కట్టి
రిజిస్టర్ల రాసుడే: పక్షి వల్ల ట్రిప్పు.
ఏ పక్షి అని రాయనీకి
కాలమ్ లేదు.

చేప తోక కొట్టుకుంటున్నది.
జంపరుకూ తోకకూ నడుమ జానెడు.
ఇంకోసారి కొట్టుకుంటే బెత్తెడు.
ఇంకోసారికి
రెండు వేళ్ళు.

ఉష్ అనొచ్చు. రాయి ఇసరొచ్చు.
కాని లేచేటప్పుడు ఆ రెక్కలు
ఈ తీగకెళ్ళి ఆ తీగ దాకా ఉంటయి.

సబ్‌స్టేషన్ల జానయ్యకు ఫోన్ చేసిన.
"అన్నా, లైన్ క్లియర్ ఇయ్యి."
"ఎందుకురా?"
"జంపర్ లూజున్నది."
"నిన్ననే బిగిస్తివి గదరా!"
"మంచుకు మళ్ళ లూజైంది."

కరెంటు పోయింది.

ఇన్నాళ్ళు నేను నిశ్శబ్దం అనుకున్నది
మోటర్ల సప్పుడని అప్పుడు దెలిసింది.
ఆయకట్టంత ఒక్కొక్కటే ఊపిరి ఇడిచి ఊకున్నయి.
చెరువు అవతల ఎవరో బట్టలుతుకుతున్న దెబ్బ,
ఆ దెబ్బ ఎనక నీళ్ళ మీద నడిచొచ్చే ఇంకో దెబ్బ.
పైన, చీరుతున్న ముక్కు.
ఒక పొలుసు గిరగిర తిరిగి
నా బూటు మీద వాలింది.

పుట్టి మీద పోతున్న పాశం బిక్షమయ్య తెడ్డు ఆపిండు.
"కొరమీను గద్ద" అన్నడు మెల్లగ,
పేరు ఇంటే బెదురుతదేమో అన్నట్టు.
"మా నాయన చూపిచ్చిండు. అప్పటికి నాకు మీసం రాలే.
యాడికెళ్ళి వస్తదో. సలి మాత్రం ఎరుక దానికి."
ఇప్పుడు ఆయన మీసం దాని తల లెక్క తెల్లగున్నది.
"అది మా సొసైటీ చేపనే" అన్నడు మళ్ళ.
"తిననీ."

ఫోన్. సైదమ్మ.
"నారుమడి నెర్రెలిడుస్తున్నది కొడకా, కరెంటేది?"
"పని నడుస్తున్నది పెద్దమ్మా."
"ఏం పని?"
చెప్పలేకపోయిన.
పైన తలకాయ తిప్పి అది నన్ను చూసింది,
పసుపు కన్ను,
నాతోని ఏ అక్కెరా లేని చూపు.

ఇరవై రెండు నిమిషాలు.
సగం తిన్న చేపను తోక ఎనక్కు పెట్టి పట్టుకొని
లతీఫ్‌సాబ్ గుట్ట దిక్కు పోయింది.
లైన్ క్లియర్ వాపస్ ఇచ్చిన.
ఆటో స్టార్టర్లు టక్కుమన్నయి,
చెరువు మళ్ళ ఇనబడకుంట పోయింది.

రిజిస్టర్ల కారణం కాడ పెన్ను శానసేపు ఆగింది.
జంపర్ అని రాసిన.
తెల్లారి ఆ అబద్ధాన్ని నిజం జెయ్యనీకి
పోలెక్కి
జంపరుకు పైపు ముక్క తొడిగిన.

శివరాత్రి దాటింది. అది మళ్ళ రాలే.
పద్నాలుగో పోలు మీద
కాకులు కూసుంటున్నయి,
ఏ భయం లేకుంట.