జెడ్ ఉన్న చోట వై

షుంపెర్క్ ఊరి నీళ్ళ పంపుహౌస్, నేలమాళిగ.
బయట మార్చి నెల మంచు, సగం బురద.
కిటికీ లేని గదిలో సర్వర్,
నల్లటి తెర,
తెర మీద రెప్ప కొట్టే తెల్లగీత ఒక్కటి.

క్వెతొస్లావ్ రిటైరవుతూ నా చేతిలో పెట్టిన చీటీలో
పెన్సిల్‌తో ఒకే మాట: రిజ్కా.
ఆయన పెంచుకునే ఎర్రగోధుమ గుర్రం పేరట.
ఆర్, వై, జెడ్, కె, ఏ.
కొట్టాను. తెరుచుకుంది.
అక్కడితో ఊరుకుంటే పోయేది.

అడ్డగీత నొక్కితే ఏటవాలు గీత పడుతోంది.
వై నొక్కితే జెడ్.
మీటల మీద చెక్ అచ్చు, లోపల అమెరికా వరస.
పదకొండేళ్ళు దీంతో ఎలా వేగావయ్యా అంటే
"నా వేళ్ళకి తెలుసులే, నీ కళ్ళకెందుకు?" అనేవాడు.

ఒక్క లైను చాలు: లోడ్‌కీస్, సి, జెడ్.
ఆ జెడ్ పడాలంటే వై నొక్కాలి,
ఇదే ఆఖరిసారి అనుకుంటూ నొక్కాను.
మళ్ళీ లేచినా మరిచిపోకుండా ఫైల్లో రాసి
యంత్రాన్ని ఆపి లేపాను.

రిజ్కా. తప్పు.
రిజ్కా. తప్పు.
ఒక్కో అక్షరం పైకి చదువుతూ, చిన్నపిల్లాడిలా,
తప్పు.
కొట్టినదేదీ తెర చూపదు, చుక్కలైనా పెట్టదు.
తాళానికి చెవి ఉంటుందంటారు,
దీనికి చెవి ఒక్కటే ఉంది, నోరు లేదు.

రాత్రి ఒంటిగంట. ఒక్క మోతకే ఫోనెత్తాడు.
"నిద్రా? రిజ్కాకి కడుపునొప్పి. పడుకోనిస్తే చస్తుంది,
పదింటి నుంచీ నడిపిస్తూనే ఉన్నా."
"పాస్‌వర్డ్ మార్చావా?"
"నేనేం మార్చలేదు."
"నేను మార్చాను. అక్షరాల్ని వాటి అచ్చు కిందికి."
జవాబు లేదు. బురదలో డెక్కలు, నాలుగు, మళ్ళీ నాలుగు.

ఆ చప్పుడు వింటూంటే తట్టింది.
ఆయన వేలు వై మీద వాలినప్పుడల్లా
ఇది జెడ్ అని రాసుకుంది,
జెడ్ మీద వాలితే వై.
పదకొండేళ్ళూ ఆయన గుర్రాన్నే పిలిచాడు,
ఇది ఇంకెవరినో విని తలుపు తీసింది.
తప్పుకి తప్పు కుదిరింది, ఊరికి నీళ్ళందాయి.
మధ్యలో దూరి సరిచేసిన పుణ్యాత్మురాలిని నేను.

సరే, ఇక తెలిసి తెలిసి తప్పు రాయాలి.
ఆర్, జెడ్, వై, కె, ఏ.
హల్లుల మీద బతికే మా నోటికే తిరగని పేరు.

తెరుచుకుంది.

"తెరుచుకుంది!" అన్నాను.
ఆయన వినిపించుకోలేదు, అటు గట్టిగా అరుస్తున్నాడు,
"వేసింది! లద్దె వేసింది! ఇక ఫర్లేదు!"
దాని మెడ మీద అరచేత్తో తట్టిన చప్పుడు,
ఏడుస్తున్నాడేమో కూడా, నాకు తెలీదు.

ఫోను పెట్టేయడం మర్చిపోయాడు.
నేనూ పెట్టేయలేదు.
ఒక చెవిలో డెక్కలు నెమ్మదిస్తున్నాయి,
ఇంకో చెవిలో, తల మీది పైపుల్లో,
ఊళ్ళోకి ఎక్కుతున్న నీళ్ళు.

పాస్‌వర్డ్ మార్చాలి.
రేపు మారుస్తాను.