పుస్తకం అంచున

అచ్చంపేట శాఖా గ్రంథాలయంల
కుర్చీలన్నీ గ్రూప్ ఫోర్ పిల్లలయి.
నవలలు కింది అరల, చెదలకు దగ్గర.
వాటి కోసం ముడుకుల మీద కూసునేది
ఒక్క వల్లెపు ఈదయ్యే.
చెవి సందున పెన్సిలు.
పొద్దంత గోడల మీద గీతలు గీసేది అదే,
రాత్రి పుస్తకంల నడిచేదీ అదే.

"రాజు మూడు నెలల్లో కోట కట్టించెను" అని ఉన్నకాడ
పక్కన రాస్తడు:
ఎండకాలమా, వానకాలమా? రాయి ఏడికెల్లి తెచ్చిన్రు?
ఈజిప్టుల వెయ్యిమంది బండ గుంజేకాడ
తాడు ఏ నారది? అని ఒక్క ముక్క.
చైనా గోడకు కలిపిన సున్నం లెక్క తప్పని కొట్టేసి
తన లెక్క ఏసిండు.
రాణి తానం జేసే పేజీల మాత్రం ఏం రాయలె.
పేజీ తిప్పినంక రాసిండు:
ఈ నీళ్లు మోసినామె ఏది?
యుద్ధం నడిమిట్ల, గుర్రం కూలినకాడ
పాపం.

జిల్లా నుంచి తనిఖీ ఉన్నదన్నరు.
రెండు రబ్బర్లు కొనుక్కొచ్చి
మూడు దినాలు చెరిపిన.
రోముల చెరిపిన, ఓరుగంటిల చెరిపిన,
ఏదో సముద్రంల, ఓడ మునిగేకాడ గూడ చెరిపిన.
ఒళ్లంత నల్ల పొట్టు.
ఈదయ్య వచ్చి ఒక పేజీని కిటికీ దిక్కు వంచి చూసిండు.
"మంచిగనే చెరిపినవ్ బిడ్డా,
రాతి మీదైతే నీతోని గాకపోవు"
అని ఇంకో పుస్తకం తీస్కపోయిండు.

మొన్న చలికాలం కొత్త కట్ట దిగింది.
అండ్ల ఒకటి, కృష్ణ మీద డ్యాం కట్టిన నాటి కథ.
అట్ట మీద చారిత్రక నవల అని ఉంటే నవ్విండు:
"నేనింక సావనే లేదు,
నా వయసును చరిత్రల కలిపిన్రా?"

పదిహేను రోజుల గడువు.
నలభై రోజులు ఉంచుకున్నడు.

వాపస్ ఇచ్చినంక తిరగేసిన.
సిమెంటు ధర కాడ ఏం లేదు.
గుడిసెల కాడ, మేస్త్రి తిట్ల కాడ, కలరా కాడ
ఏం లేదు.
చెయ్యి ఆడలేదో, అన్నీ సరిగనే ఉన్నయో.
రెండొందల పన్నెండో పేజీల:
"ఆ రాత్రి మట్టిపెళ్ల విరిగి ఇద్దరు కూలీలు మరణించారు.
మర్నాడు పని యథావిధిగా సాగింది."

ఇద్దరు అన్న మాట మీద, సన్నగ, ఇరికించి:
ఓర్సు బక్కన్న, పల్లపు లింగమ్మ.
యథావిధి కింద గీత.
మధ్యాన్నం దాకా సాగలె.

సొరుగుల రబ్బరు ఉన్నది.
పుస్తకాల మీద పెన్నుతోని రాయొద్దని
గోడ మీద బోర్డు గూడ నేనే పెట్టిన.
తలుపు దగ్గరేసి
ఆ రెండు పేర్ల మీద, ఆ మూడు మాటల మీద
నీలి సిరాతోని మళ్ల దిద్దిన.

జరిమానా పది రూపాయలు.
రశీదు నా పేరు మీదనే కోసిన.