ఇల్ల, ఇల్లు

"తలుపు తాళం వేసి ఉంది" అని సెల్లులో మెసేజి.
బుధవారం, పదకొండు నలభై రెండు.

అబద్ధం అనను.
ఆ అబ్బాయి బెల్లు కొట్టే ఉంటాడు,
గేటు గొళ్ళెం ఆడించే ఉంటాడు,
నాలుగిళ్ళకి వినబడేలా పిలిచే ఉంటాడు.
పదకొండు నలభై రెండుకి నేను
తలుపుకి నాలుగడుగుల దూరంలో
లాయరమ్మ జాకెట్టుకి చేతులెక్కిస్తున్నాను.
మిషను నడుస్తున్నట్టు నా పాదాలకి తెలుసు.
చెవులకి తెలీదు.

పార్సిల్లో ఉన్నది గోరంత గొట్టం,
దాని కొసన బియ్యపుగింజంత స్పీకరు.
కుడిచెవి మిషనుది.
"పదేళ్ళ మోడలు, దొరకదమ్మా, కొత్తది తీసుకో"
అని లక్ష చెప్పాడు మల్లేశ్వరం అంగడివాడు.
మా మేనకోడలు మాలశ్రీ రాత్రంతా వెతికి
డెన్మార్కులో ఎవరో ముసలాయన దగ్గర పట్టింది.
నాలుగువేల రెండొందలు. తపాలా ఖర్చు వేరే.

ఇప్పుడు చూడండి,
బెల్లు వినబడాలంటే పార్సిల్ రావాలి.
పార్సిల్ రావాలంటే బెల్లు వినబడాలి.
నవ్వొచ్చింది.
ఈ రెండు నెలలుగా నవ్వంటే నాకు
గొంతులో రోంత అదురు, అంతే.

పందొమ్మిది రోజులు ఫోన్లో దాని వెంటే తిరిగాను.
కోపెన్‌హాగెన్‌లో ఎక్కింది.
ఢిల్లీ కస్టమ్స్ వాళ్ళ బల్లమీద నాలుగు రోజులు పడుకుంది.
బెంగళూరు. శ్రీరాంపురం. మా బేకరీ మలుపు.
అక్కడినుంచి వెనక్కి.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి, అని ఉంది.
చేశాను. అరచేతిలో ఫోను సన్నగా వణికింది.
కన్నడానికి ఒకటి, హిందీకి రెండు అంటున్నారు కాబోలు.
ఒకటి నొక్కాను. రెండు నొక్కాను.
నా గోడంతా చెప్పుకున్నాను.
అవతల మనిషున్నదీ లేనిదీ ఆ దేవుడికెరుక.

గురువారం పోస్టాఫీసుకి పోతే
కిటికీ వెనక ఆయనకి మీసం.
మీసాలవాళ్ళ మాట చదవడం కష్టం,
పైపెదవి సగం దాచిపెట్టుకుంటారు.
స్లిప్పు చూపించాను. ఒక్క మాటన్నాడు.

ఇల్లు, అని చదువుకున్నాను.
అవును స్వామీ, ఇంట్లోనే ఉన్నాను, యాడికీ పోలేదు.
మళ్ళీ అదే అన్నాడు.
ఓ, ఇంటికే పంపుతారా? సంతోషం.
దండం పెట్టి వెనుదిరిగాను.
వరుసలో ఉన్న పిల్ల నా భుజం తట్టి
తల అడ్డంగా ఊపి చూపించింది.
ఇల్ల అంటున్నాడాయన. లేదని.

చివర పెదాలు ముడిస్తే ఇల్లు,
తెరిచి వదిలేస్తే ఇల్ల.
హిందూపురం నుంచి ఈ ఊరొచ్చిన కొత్తలో
అద్దెకిల్లు అడిగితే
గడపగడపనా ఇల్ల, ఇల్ల అనేవాళ్ళు.
అప్పుడు చెవులు బాగానే ఉన్నాయి,
అయినా ఇట్లాగే సంబరపడ్డాను.

ఆ పిల్ల బస్సు టికెట్టు వెనక కన్నడంలో రాసిచ్చింది.
మన అక్షరాలకి తోబుట్టువులే, తలకట్టు రోంత వేరు.
"పోస్ట్‌మాన్ సంచిలో ఉంది. రేపు వస్తాడు.
ఇంకోసారి తప్పితే డెన్మార్కుకే."

రాత్రి లంగా నాడాలు ఆరు ముడేశాను.
ఒక కొస గేటుకి, కిటికీలోంచి లోపలికి,
రెండో కొస నా ఎడమ మణికట్టుకి.
గేటు మీద అట్టముక్క: బెల్లు వద్దు, ఇది లాగండి.

శుక్రవారం పొద్దున్నే కొత్తిమీరావిడ లాగింది.
ఒక మేక లాగింది, లాగడం కాదు, నమిలింది.
బడిపిల్లలు రెండుసార్లు లాగి పరిగెత్తారు,
వాళ్ళ సంచులు ఎగరడం మాత్రం చూశాను.
మూడుంబావుకి
చిన్నగా, మర్యాదగా, రెండు లాగుడులు.

బసలింగ అని చొక్కామీద పేరు. నున్నటి మొహం.
సుంకం కట్టాను, సంతకం పెట్టాను.
నాడా చూసి ఏదో అన్నాడు,
నవ్వుతూ అంటే పెదాలు చదవలేను.

గొట్టం తొడుక్కున్నాను.
ముందు వినబడింది నా మిషనే,
నూనె లేక కీచుమని ఏడుస్తోంది.
రెండు నెలలుగా ఇదే పాటేమో,
పైవాటావాళ్ళు ఒక్క మాట అనలేదు పాపం.

తర్వాత గేటు దాకా పోయి
నా ఇంటి బెల్లు నేనే నొక్కాను.
మళ్ళీ నొక్కాను. గట్టిగా, వేలు తెల్లబడేదాకా.

ఇల్ల.

మేక నమిలిన మేర కత్తిరించి
నాడా మళ్ళీ ముడేశాను.