ఎనిమిదీ ఇరవై

బాలరాట్‌లో చలి గోడల్లోంచి వస్తుంది.
పాత ఉన్ని గోదాము మేడమీద మా రేడియో గది.
గోడలకి కోడిగుడ్ల అట్టలు,
మైకుకి ఎవరిదో ఒంటి మేజోడు.
గురువారం రాత్రి ఎనిమిదింటి నుంచి గంటసేపు
ఈ ఊరి గాలిలో తెలుగు ఉంటుంది.

చందాల నెల రాగానే
మేనేజరు లోర్నా ఒక కాగితం చేతిలో పెట్టింది.
"మీకు అండగా ఉన్నవాళ్ళ పేర్లు ఇక్కడ,
ఇచ్చిన డాలర్లు అక్కడ."
రెండే గళ్ళు.

వేమగిరి ధర్మారాయుడు గారిది తేలిక.
ఐదు వందలు, రసీదు,
రసీదులో అక్షరం తప్పితే ఇంకో రసీదు.
గాలిలో తన పేరు ఒక్కసారి వినపడాలి, అంతే ఆయన కోరిక.
ఇదివరకు నవ్వుకునేదాన్ని.
ముప్ఫై ఏళ్ళు బిస్కెట్ల ఫ్యాక్టరీలో
ఆయన్ని డార్మీ అన్నారట.
ఇప్పుడు నెమ్మదిగా చదువుతాను,
ఇంటిపేరుతో, దీర్ఘాలతో సహా.

హైమవతి గారు పైసా ఇవ్వలేదు.
శుక్రవారం పొద్దున్నే ఫోను మాత్రం చేసేవారు:
"ఆమె కళ్ళు ఎర్రబడ్డాయని కదమ్మా కథలో ఉన్నది?
నువ్వు కల్లు అన్నావు.
ఏడ్చే పిల్లని తాగుబోతును చేశావు!"
తిట్టేవాళ్ళని ఏ గడిలో రాయను?
తప్పు దొరకాలంటే గంటసేపూ చెవి ఒగ్గాలి కదా.
బుధవారమే కాగితాలు పంపడం మొదలుపెట్టాను.
ప్రతి 'ళ' చుట్టూ ఎర్ర సున్నాతో తిరిగొచ్చేవి.
తప్పులు పోయాయి. శుక్రవారం ఫోను కూడా పోయింది.
రెండు వారాలు ఓర్చుకున్నాను.
ఇప్పుడు నెలకోసారి
ఒక 'ళ'ని కావాలనే జారవిడుస్తాను.

డెస్మండ్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు.
ఈదురుగాలికి ఏంటెనా ఒరిగిన ప్రతిసారీ
పిలవకుండానే నిచ్చెనతో వస్తాడు.
పేరు చదువుతానంటే చెవులు ఎర్రబడి
రెండు నెలలు కనపడలేదు.
అతనికి ఎలా చెప్పాలో ఆలస్యంగా తెలిసింది:
ఏమీ అనకుండా
కింద నిచ్చెన పట్టుకుని నిలబడాలి.

తుపానులా వచ్చింది చంద్రిమ.
మూడు వారాల్లో కొత్త పోస్టర్లు, కొత్త పాటల పెట్టె,
నాలుగో వారం ఫోనెత్తలేదు.
పదకొండు నెలలకి
చంకలో పిల్లాడితో గుమ్మంలో నిలబడింది.
ఎందుకు రాలేదని అడగలేదు.
కుర్చీ జరిపాను.

జులైలో నాకు జ్వరం.
మేలో రికార్డు చేసిన గంటనే మళ్ళీ వేయించాను.
ఎవరూ ఫోను చేయలేదు,
హైమవతి గారు కూడా.

ఆదివారం, సూపర్ మార్కెట్లో క్యాబేజీల దగ్గర
పిండి మరకల చొక్కాతో ఒకామె.
ఎప్పుడూ చూసిన మొహం కాదు.
"ఒంట్లో ఎలా ఉంది?" అంది.
నేను తెల్లబోయాను.
"రాత్రిళ్ళు బేకరీలో పనండీ.
పిండి కలుపుతూ వింటాను.
మీ వెనకాల ఎనిమిదీ ఇరవైకి రైలు పోతుంది, రోజూ.
మొన్న ఎనిమిదీ ఇరవయ్యారుకి పోయింది.
మా కిటికీలో రైలు మాత్రం వేళకే పోయింది.
పాత మాటలు వేశారు, ఈవిడకి బాగోలేదేమో అనుకున్నా."
పేరు అడిగాను.
"ఎందుకులెండి," అంది,
క్యాబేజీని ఒకసారి చేత్తో తూచి
బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

నాలుగేళ్ళుగా ఆ రైలుని తిట్టుకుంటూ
కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కినదాన్ని.

లోర్నాకి కాగితం ఇచ్చాను.
చివరి వరసలో పేరు దగ్గర ఒక వేళ,
డాలర్ల దగ్గర ఏమీ లేదు.
"ఇదేమిటి?" అంది.
చెప్పడం మొదలుపెట్టి మానేశాను.

గురువారం.
ఎనిమిదీ పందొమ్మిది.
చదువుతున్న వాక్యం సగంలో ఆపి
గుడ్డ తీసి, కిటికీ రెక్క కాస్త తెరుస్తాను.
చలి లోపలికి వస్తుంది.
రానీ.