పదకొండు డబ్బాలు

గ్రిమ్స్‌బీ రేవులో పడవలు లేవిప్పుడు.
చేప లారీల్లో వస్తుంది, రాత్రంతా దాన్ని ముక్కలు కోసే ఫ్యాక్టరీలో
నా డ్యూటీ. పొద్దున ఆరింటికి ఇల్లు,
పదకొండింటికి చర్చి హాలు వెనక వంటగది, మంగళవారాలు మాత్రం.

గ్లెనిస్ మూతల మీద పేర్లు రాసి ఇస్తుంది.
పదకొండు డబ్బాలు.
డిక్కీలో పాత దుప్పటి పరిచి, అంచులు మడిచి
పసిదాన్ని పడుకోబెట్టినట్టు పడుకోబెడతాను.
ఇంటికి ఏడు నిమిషాలు. అది లెక్క.
ఎనిమిదో నిమిషం దాటితే
ఇంకెవరింట్లోనో గ్రేవీ గడ్డకడుతుంది.

రెండో ఇంటి జ్బిగ్నేవ్ మూత తీయకముందే వంక పెడతాడు.
బీట్‌రూట్ అంటే ఇది కాదంటాడు, వాళ్ళమ్మ పేరెత్తుతాడు.
ఆయన గురించి నాకు బెంగ లేదు.
వంక పెట్టేవాడు తింటాడు.
బెంగల్లా "బ్రహ్మాండంగా ఉంది" అనేవాళ్ళతోనే.

అయిదో ఇల్లు ఎనిడ్ మాల్ట్‌బీ.
ఎనభై ఏడేళ్ళు, ట్రాలర్లకి వలలల్లిన చేతులు,
నేను గంట కొట్టేసరికి పెదాలకి ఎర్రరంగు.
"ఎంగిలిపడ్డావా ఎనిడ్?" అని నాలో నేను అనుకుని
ఇంగ్లీషులో మామూలుగా అడుగుతాను.
"ఇప్పుడే తిన్నాను తల్లీ, ఇంక చోటు లేదు."

ఈ మాట నాకు కొత్త కాదు.
మా మేనత్త మాణిక్యమ్మ అందరికీ వడ్డించాక ఇదే చెప్పేది,
వంటింట్లోంచి గిన్నె అడుగు గీకుతున్న చప్పుడు వస్తూండగా.
అందుకని నేను మాట వినను.
చెత్తబుట్ట చూస్తాను.

బుట్టలో పోయిన మంగళవారం డబ్బా,
పేరు చెదరలేదు, మూత లేవలేదు.
ఫ్రిజ్‌లో పాలు. ఒక గిన్నెలో
టీలో నానబెట్టిన బిస్కట్లు.
పెళ్ళి ఉంగరం వేలికి నిలవక
ఆకుపచ్చ దారం చుట్టుకుంది, వల ముడి వేసి.

కాగితం అడుగుతుంది: బరువు తగ్గారా? అవును, కాదు.
ఆకలి ఉందా? అవును, కాదు.
ఏడో నిమిషంలో లేవబోతూ చూశాను,
కిటికీ గట్టు మీద గ్లాసు, దాని మీద చేతిరుమాలు.
ఆవిడ నా చూపు పట్టుకుంది.

"చిక్కిపోయాను కదా, చిగుళ్ళూ చిక్కాయి.
కట్టుడు పళ్ళు జారిపోతున్నాయి. పళ్ళు లేక తినలేను,
తినక ఇంకా చిక్కుతున్నాను."
సిగ్గుపడుతూ కాదు, పని నేర్పుతున్నట్టు చెప్పింది:
"వలలో ఒక్క కన్ను తెగనీ,
పక్క కన్ను దానంతటదే వదులవుతుంది."

గ్లెనిస్‌కి అక్కడి నుంచే ఫోను చేశాను.
ఎనిడ్‌కి మెత్తగా. అన్నీ మెత్తగా. వెన్న దండిగా.
పళ్ళ డాక్టరు మూడు వారాల తర్వాత రమ్మన్నాడు.

నా సంచిలో నా డబ్బా ఉంది.
పెరుగన్నం, రాత్రి తినడానికి తీరిక లేక మిగిలింది.
మన తిండి వాళ్ళకి పెట్టకూడదని రూలు.
పెట్టలేదు. ఎదురుగా కూర్చుని నేను తిన్నాను.
"పుడ్డింగా అది?" అంది. ఉప్పు పుడ్డింగన్నాను.
ఆవిడ నవ్వి, తన డబ్బా మూత తీసి
ఆలుగడ్డ ముద్దని చెంచాతో చిదుముకుంది.
మూడు చెంచాలు. లెక్కపెట్టాను.

ఎనిమిదో ఇంట్లో గ్రేవీ గడ్డకట్టింది.
నేను తిట్లు తిన్నాను, ఆవిడ మూడు చెంచాలు తింది,
ఆ పూటకి అదే మా భోజనం.

తర్వాతి వారం డబ్బా మళ్ళీ బుట్టలోనే.
ఆ తర్వాత సగం.
నాలుగో మంగళవారం పెదాలకి రంగు లేకుండా తలుపు తీసి
"మీ గ్లెనిస్ ఉప్పు కొనడం మానేసిందా?" అంది.

కాగితంలో దానికి గడి లేదు.
ఖాళీ మూత వెనక రాసుకున్నాను:
ఎనిడ్, వంక పెట్టింది.