తద్ధర్మం

ప్రెస్టన్‌లో మా వీధి ఇళ్లు
ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నిలబడి ఉంటాయి.
గోడలకి చెవులుంటాయంటారు గానీ
నా పడగ్గది గోడకి ఉన్నది నోరు.

అవతల కెర్రీ, లీ, ఏడేళ్ల టోబీ.
ఏ వారం ఏ బిన్నో నాకు చెప్పేది టోబీనే:
"రేపు బ్రౌన్‌ది, మిసెస్ సుగుణా."
నేనిచ్చిన చెగోడీలు వేళ్లకి తొడుక్కుని
పది ఉంగరాల జమీందారులా ఆ చివరిదాకా నడిచొచ్చి
అప్పుడు తింటాడు, చిటికెనవేలితో మొదలుపెట్టి.

రాత్రి ఒంటిగంటా నలభై.
లీ గొంతు మామూలే. తలుపు దబ్బున పడటం మామూలే.
మామూలే అనడం నేర్చుకోడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఫ్రిజ్ మీద కౌన్సిల్ వాళ్ల కాగితం:
జరుగుతూ ఉంటే, ప్రాణం మీదికొస్తే, మూడు తొమ్మిదులు.
జరిగిపోయి ఉంటే, ఆగగలిగితే, నూటొకటి.
నూటపదహార్లే తప్ప నూటొకటి ఎవరికీ చదివించని చెయ్యి నాది.
అయినా చిన్న నంబరే మేలనుకున్నాను,
పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకని.
పిచ్చుక గోడకి అవతల ఉందని అప్పుడు తట్టలేదు.

ఫోన్‌లో ఏదో పియానో.
మీరు వరుసలో పధ్నాలుగో వారు.

కావలి హైస్కూల్లో పంతొమ్మిదేళ్లు వ్యాకరణం చెప్పినదాన్ని.
కొట్టాడు: భూతం.
కొడుతున్నాడు: వర్తమానం.
కొడతాడు, అనేసరికి పిల్లలు తడబడేవారు.
రేపు కొడతాడనా టీచర్, రోజూ కొడతాడనా?
రెండూనమ్మా, మన భాషలో రెండింటికీ ఒకటే రూపం,
ఎప్పుడూ ఉండేదాన్ని తద్ధర్మం అంటారు, రాసుకోండి.
రాసుకునేవారు. నేను ఎర్రసిరాతో టిక్కు పెట్టేదాన్ని.

భూతానికి నూటొకటి.
వర్తమానానికి మూడు తొమ్మిదులు.
తద్ధర్మానికి ఏ నంబరో
ఫ్రిజ్ మీద కాగితంలో లేదు.

పన్నెండో వారు.

అప్పుడు గోడలోంచి, సరిగ్గా నా తలగడ ఎత్తున,
టోబీ లెక్కపెట్టడం.
వన్. టూ.
దాగుడుమూతల్లో దొంగలాగా, కళ్లు మూసుకునే కాబోలు.
స్టీలు గ్లాసు గోడకి ఆనించాను.
త్రీ. ఫోర్.
ఒక్కో అంకెకీ మధ్య లీ.
ఫైవ్. సిక్స్.
సెవెన్
తర్వాత ఏమీ లేదు.

ఎయిట్ కోసం ఆగాను.
ఎంతసేపు ఆగానో పోలీసులకీ చెప్పలేకపోయాను.

పదకొండో వారిని వదిలేసి తొమ్మిదిని మూడుసార్లు నొక్కాను.
మొదటి రింగుకే ఒక ఆడగొంతు, నిద్రలేని గొంతు:
ఇప్పుడు జరుగుతోందా?
"హి హిట్స్," అన్నాను.
ఇన్నేళ్ల వ్యాకరణంలోంచి దొరికింది అదొక్కటే.
నౌ? అంది ఆమె.
వినబడటం లేదు, అన్నాను, అందుకే చేశాను.

చప్పుడు లేకుండా వచ్చారు.
నీలిరంగు నా సీలింగ్ మీద తిరిగి తిరిగి ఆగింది.
లీ మేజోళ్లతోనే వ్యాను దాకా నడిచాడు.
టోబీ కనబడలేదు. కెర్రీ కనబడింది,
నా కిటికీ వైపే చూసింది.
కృతజ్ఞతో, ఉక్రోషమో,
వెనక దీపమున్న ముఖం చదవడం నాకు రాదు.

గురువారానికి లీ బండి మళ్లీ వీధిలో ఉంది.

శుక్రవారం పొద్దున నా గుమ్మం మీద చెగోడీల డబ్బా.
కడిగి, తుడిచి.
మూత మాత్రం వేరే దేనిదో,
పట్టక ఊరికే పైన పెట్టి ఉంది.
లోపల ఏమైనా ఉందేమోనని చూశాను. ఏమీ లేదు.

నీళ్లు మరగబెట్టి బియ్యప్పిండి పోశాను.
ఈ వారం ఏ బిన్నో
ఇంకా ఎవరూ చెప్పలేదు.