వాల్వు

స్విచ్చి వేసి అరగంట.
ఎర్ర లైటు వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది.
గీజరు పొట్ట మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది.
పంపు తిప్పితే ఒక్క చెంబు వేడి,
ఆపైన అన్నీ చన్నీళ్లే.

బ్రాడీపేట ఆరో లైన్లో, పుష్యమాసపు చలిలో,
తువ్వాలు కప్పుకుని
దాంతో నేను మాట్లాడటం మొదలుపెట్టి పది రోజులు.
బుజ్జగించాను. తిట్టాను.
స్క్రూడ్రైవర్ పిడితో రెండు తగిలించాను.
కరెంటు బిల్లు మాత్రం మరుగుతూ వచ్చింది.

నాగుల్‌మీరా మూత విప్పాడు.
కాయిల్ నిండా సున్నం,
వీధి వీధంతా కిళ్లీ వేసుకున్నా మిగిలేంత.
గీకాడు. థర్మోస్టాట్ రాయిలా ఉందన్నాడు.
తర్వాత పైపుకు చెవి ఆనించి
చాలాసేపు పలకలేదు.

"వాల్వు పోయింది మేడం.
కింద పోర్షన్లో పంపు తిప్పినప్పుడల్లా
మీ వేడి వెనక్కి జారి అటు పోతంది."

కింద పోర్షన్.
నాలుగింటికే లేచి మిర్చి యార్డుకు పోయే కోటేశ్వరి.
మొన్న మెట్ల మీద ఆపి మరీ చెప్పింది:
"ఏం మాయో అక్కా, మా పంపులో
వేకువనే గోరెచ్చగా వస్తన్నయ్.
పిల్లోడు ఏడవకుండా పోసుకుంటన్నాడు."
బోరు లోతుదేమో అన్నాను, తెలిసినట్టు.

"కొత్తది నూట ఎనభై. ఇప్పుడే బిగించేదా?"
స్పానర్ చేతిలో ఉంది అతనికి.

శివరాత్రి పోనీ నాగుల్‌మీరా,
చలి శివశివా అని వెళ్లాక చూద్దాం.

అతను నన్ను చూశాడు, గీజర్ని చూశాడు,
సున్నం గీకినందుకు వంద తీసుకున్నాడు.

ఆ ఒక్క చెంబూ ముందు వీపు మీద పోసుకుంటే
మిగతాది ఎలాగోలా ఓర్చుకోవచ్చు.